పంతొమ్మిది ఆకులు

జలంత్రకోట,
24 నవంబరు 2024

టెక్కలిలో ఉంటున్న సీతారత్నం గారికి,

గోపాలరావు రాస్తున్నది. ఈ ఉత్తరం చూసి నా పంతం సడలిందని అనుకోవద్దు. మూడేళ్ళ క్రితం మీ అమ్మాయి పెళ్ళి పందిట్లో, ఇకమీదట నీకు అన్న లేడనీ, నీతో మాట్లాడననీ నలుగురి ముందూ అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను. రాయనని మాత్రం అనలేదు. కావాలంటే ఆరోజు పందిట్లో ఉన్నవాళ్ళని ఎవరినైనా అడుగు.

సంగతేమిటంటే, మీ ధరణి శ్రీకాకుళంలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసుకుంది కదా. మేము రాలేదు. రాకపోయినా, వచ్చినవాళ్ళకి ఇచ్చిన రిటర్న్ గిఫ్ట్ మాకూ ఒకటి మా తోడల్లుడు యువరాజు చేత పంపింది. టీ గ్లాసు కన్నా కాస్త పెద్ద కుండీ, అందులో దళసరి ఆకుల మొక్క. "మావయ్యకి. ఇంట్లోనే బతుకుతుంది" అని చీటీ కట్టి ఉంది. ఇంట్లోనే బతికే ఆ మొక్క మా ఇంట్లో చస్తోంది. కింది ఆకులు పసుపెక్కి, పట్టుకుంటే ఉడికిన వంకాయలా మెత్తగా ఉన్నాయి. రోజుకొకటి ఊడుతోంది.

తుఫానుకి మూడు వందల కొబ్బరి చెట్లు నేలకూలితే మళ్ళీ నాటి నిలబెట్టినవాణ్ణి. ఈ గుప్పెడంత మొక్క నన్ను మూడు చెరువుల నీళ్ళు తాగిస్తోంది. ఊళ్ళో ఎవరినైనా అడుగుదామంటే నామోషీ. మీ వదిన నాగమణి ఊరుకోదు. "పిల్ల పంపిన మొక్క సచ్చిపోతే మంచిది కాదయ్యా. నీకు సేతకాపోతే నీ సెల్లిని అడుగు. నోరిప్పనన్నావు గానీ కలం ఇప్పనన్నావేటి?" అంది. ఆ తెలివి ఆవిడదే, నాది కాదు.

మొక్క గురించి మాత్రమే జవాబు రాయగలరు.

ఇట్లు,
గోపాలరావు, కొబ్బరి రైతు


టెక్కలి,
28 నవంబరు 2024

జలంత్రకోట గోపాలరావు గారికి, అంటే మా అన్నయ్యకి,

కవరు మీద నీ దస్తూరీ చూసేసరికి నా గుండె జారిపోయింది. ఎవరికేమైందోనని గుమ్మంలోనే చింపాను. తీరా చూస్తే మొక్కకి జబ్బు! ముందు నవ్వాను, తరువాత కాసేపు ఏడ్చాను. మీ బావ వచ్చి "ఏటయినాది?" అంటే, "మా అన్నయ్య ఇంట్లో ఆకులు పసుపెక్కాయట" అన్నాను. ఆయన నన్ను అదోలా చూసి కాఫీ తాగడానికి పోయారు.

మొక్క గురించి మాత్రమే అన్నావు కనక అదే రాస్తాను. రోజూ ఎన్ని నీళ్ళు పోస్తున్నావో నువ్వు రాయలేదు. రాయకపోయినా నాకు తెలుసు. కొబ్బరి పిలకకి పోసినట్టు పోస్తున్నావు. ఈ జాతికి ఆకులే నీళ్ళ కుండలు, కావలసింది అందులోనే దాచుకుంటుంది. మీద నుంచి నువ్వు పోసేకొద్దీ వేరు కుళ్ళి, ఆకు పసుపెక్కి, మెత్తబడి ఊడుతుంది. నీళ్ళు చాలకపోతే ఆకు ముడతలు పడుతుంది, మెత్తబడదు. తేడా గుర్తుపెట్టుకో.

మెత్తబడ్డ ఆకులన్నీ తీసెయ్యి. మొదలు నొక్కి చూడు, గట్టిగా ఉంటే బతుకుతుంది. కుండీ అడుగున బెజ్జం లేకపోతే పెట్టు. సగం తోటమట్టి, సగం ఏటి ఇసుక కలిపి మార్చు. దగ్గరుంది కదా అని సముద్రం ఇసుక తెచ్చేవు, ఉప్పుకి చస్తుంది. ఇకమీదట మట్టిలో వేలు పెట్టి చూసి, లోపల కూడా ఎండితేనే నీళ్ళు. పది పన్నెండు రోజులకి ఒకసారి చాలు. తూర్పు కిటికీలో పెట్టు.

దీని పేరు కలంచో. కాలేజీ బోటనీ లాబ్‌లో ఇరవై ఆరేళ్ళు సీసాలు కడిగినదాన్ని, ఆ మాత్రం తెలుసు. మన పెరట్లో ఉండేదే రణపాల, దానికి ఇది పెదనాన్న కూతురి లాంటిది. అదే కుటుంబం, అవే దళసరి ఆకులు. సంక్రాంతి వెళ్ళేలోగా పూస్తుంది కూడా, నువ్వు ముంచెయ్యకపోతే.

వదినని అడిగానని చెప్పు. సంతకం దగ్గర "అన్న" అని రాయలేదేం? సిరా అయిపోయిందా?

నువ్వు ఒప్పుకున్నా మానినా నీ చెల్లెలు,
సీతారత్నం


జలంత్రకోట,
9 డిసెంబరు 2024

సీతారత్నం గారికి,

మొక్క లేచింది. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు పోసేవాణ్ణి, నిజమే. ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. మొదలు గట్టిగానే ఉంది. చెడ్డ ఆకులు తీసేశాక ముప్ఫై మంచి ఆకులు మిగిలాయి, లెక్కపెట్టాను.

నీ ఉత్తరం మీ వదినకి చదివి వినిపించాను. కళ్ళజోడు మారిస్తే గానీ ఆవిడకి అక్షరాలు ఆనడం లేదు. రణపాలకి చుట్టం అన్నచోట ఆపి, "ఏటీ, మళ్ళీ సదువు" అంది. మళ్ళీ చదివాను. లేచి వెళ్ళి మొక్కని పట్టి పట్టి చూసింది. ఆకులు తడిమింది. ఇన్నాళ్ళూ దానివైపు చూడనిది, ఇప్పుడు కిటికీ తుడవడం కూడా తనే చేస్తోంది.

ఇప్పుడు ఇంకో గొడవ. ఆకు, కాడ కలిసేచోట తెల్లగా దూదిలాంటిది పట్టింది. జీడితోటలో కనిపించే పిండినల్లి లాగే ఉంది. జీడిపూతకి కొట్టే మందు సగం డబ్బా ఇంట్లో ఉంది. ఒక్కసారి కొట్టి పారేద్దామా?

మీ వదిన ఆరోగ్యం అడిగావు. కాళ్ళు కాస్త ఉబ్బాయి, అన్నం సయించడం లేదంటోంది. మన ఉద్దానంలో కాళ్ళు ఉబ్బాయంటే కిడ్నీలేమోనని గుండెల్లో రాయి పడుతుంది. నాన్న అలాగే కదా మొదలుపెట్టాడు. పలాస వెళ్ళి రక్తపరీక్ష చేయిద్దామంటే, "మొన్న ఊళ్ళో కేంపులో సేయించీసుకున్నాను, కిడ్నీలు బాగానే ఉన్నాయన్నారు. కళ్ళంలో నిలబడితే ఉబ్బవా ఏటి?" అని గదమాయించింది. వరి నూర్పులు అయ్యాయి కదా, నిజమే అయి ఉంటుంది.

ఇట్లు,
గోపాలరావు


టెక్కలి,
13 డిసెంబరు 2024

అన్నయ్యకి,

డబ్బా మూత తీశావంటే ఊరుకోను! ఇంట్లో, కిటికీ పక్కన, మీరు అన్నం తినేచోట జీడిమందు కొడతావా? మందుల షాపులో స్పిరిట్ తెచ్చి, దూది పుల్లకి అద్ది, తెల్లటి నల్లి ఉన్నచోటల్లా ఒత్తు. వారానికి రెండుసార్లు చొప్పున మూడు వారాలు. ఆకంతా పులమకు, మాడుతుంది. ఓపిక కావాలి. నీకు లేనిది అదే.

వదిన పరీక్ష బాగుందని రాశావు, బతికించావు. ఆ రెండు వాక్యాలూ చదివేలోపు నాన్న మంచం కళ్ళ ముందు కనిపించింది. అయినా ఉప్పు తగ్గించమను. ఎండుచేపల వంక చూడొద్దని నా మాటగా చెప్పు.

మొక్క ఎండవైపే వాలుతుంది, వారానికోసారి కుండీ ఎత్తి అటూ ఇటూ తిప్పి పెట్టు. ఎత్తడానికి మనసొప్పితేనే. భయపడకు, పెళ్ళికూతురు కూర్చున్న గంప అంత బరువు ఉండదు.

నీ చెల్లెలు,
సీతారత్నం


జలంత్రకోట,
2 జనవరి 2025

సీతారత్నం గారికి,

గంప మాట ఎత్తావు. పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి మోసుకురావడం మేనమామ హక్కు. ధరణి పుట్టినరోజునే నా కోడలని అనుకున్నాను. మా విజయ్‌ని కాదని ఇంకొకరికి ఇస్తే, ఆ గంప నేనెలా ఎత్తను? ఎత్తనన్నాను. ఎత్తలేదు. మొక్క గురించి అడిగితే గంప గురించి రాస్తావా? మూడు వారాలు జవాబు రాయకపోవడానికి కారణం అదే.

ఇప్పుడైనా రాయకపోదును. మీ వదిన పోరు పడలేక రాస్తున్నాను. "తిట్టడానికైనా రాయు" అంది.

పిండినల్లి పోయింది. మొగ్గలు వచ్చాయి. కానీ ఆకులు మాయమవుతున్నాయి. రాలడం కాదు. రాలితే కింద ఉండాలి కదా, కింద ఏమీ లేదు. పురుగు కొరికితే బెజ్జాలు పడాలి, అంచులు పోవాలి. అదీ లేదు. కింది నుంచి వరసగా, కాడతో సహా పూర్తిగా పోతోంది. సాయంత్రం చూస్తే ఉంటుంది, పొద్దున నేను లేచేసరికి ఉండదు. పోయిన రోజు కేలండరులో పెన్సిల్‌తో గీత పెడుతున్నాను. ఈ ఉదయానికి ఐదు.

కారణం రాయగలరు. వేరే ఏమీ రాయనక్కరలేదు.

గోపాలరావు


టెక్కలి,
7 జనవరి 2025

అన్నయ్యకి,

గంప మాట నేను ఎత్తకుండా ఉండాల్సింది. రాసి పోస్టు చేశాక నాలిక కరుచుకున్నాను. కానీ ఒకటి చెప్పనీ. ఆ రోజు గంప మా ఆడపడుచు కొడుకులు ఇద్దరు పట్టుకున్నారు. పిల్ల అందులో కూర్చుని, "మావయ్య రాలేదా అమ్మా?" అని నన్నే అడిగింది. అప్పుడు నాకు వచ్చిన కోపం ఇన్నాళ్ళూ నీ మీద ఉండిపోయింది. ఇప్పుడు రాసేశాను కనక కొంచెం తగ్గింది.

ఆకు సంగతి. కాడతో సహా పోతోందంటే నత్త కాదు, గొంగళీ కాదు. ఎలుక అయి ఉండాలి, లేదా కిటికీలోంచి గోరింక. కుండీ చుట్టూ ముగ్గు పిండి చల్లి పడుకో. పొద్దున అడుగులు పడతాయి, దొంగెవరో తెలుస్తుంది. అడుగులు కనిపించకపోతే మాత్రం నాకూ తెలీదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడన్నారు.

వదిన కాళ్ళ వాపు తగ్గిందా? రాయలేదేం?

నీ చెల్లెలు,
సీతారత్నం


జలంత్రకోట,
16 జనవరి 2025

సీతారత్నానికి,

ముగ్గు పిండి మూడుసార్లు చల్లాను. ఎలుక లేదు, పిట్ట లేదు, చీమ కాలు కూడా పడలేదు. పైగా ఇంట్లో ముగ్గు వేస్తున్నాడేమిటని పాలు పోసే పైడమ్మ నవ్వింది. కేలండరులో గీతలు పద్నాలుగు అయ్యాయి. మధ్యలో ఒకటి రెండు రోజులు విడుపు ఇస్తోంది, మళ్ళీ మొదలు. మొక్క సగం బోడిగా అయింది. పైన ఎర్రటి పువ్వులు, కింద ఉత్త కాడ.

ఇక ఓపిక లేదు. ఇదేదో కంటికి కనిపించని పురుగు. ధరణి ఎప్పుడైనా వచ్చి, "మావయ్యా, నా మొక్క ఏదీ?" అంటే ఏం చెప్పను? ఆ పిల్లకి నేను చేసిన అన్యాయం ఒకటి చాలదా? జీడిమందు కొట్టేస్తాను. ఎంత పాళ్ళో రాయి చాలు. రాయకపోయినా కొడతాను.

మీ వదినకి కాళ్ళు అలాగే ఉన్నాయి. ఈవేళ పుట్టింటికి సంతబొమ్మాళి వెళ్ళింది, వాళ్ళమ్మకి ఒంట్లో బాగాలేదని కబురొచ్చింది.

గోపాలరావు


టెక్కలి,
22 జనవరి 2025

అన్నయ్యకి,

"ఆ పిల్లకి నేను చేసిన అన్యాయం" అని రాశావు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. ఇక నీతో వాదించే ఓపిక నాకు లేదు.

సరే, కొట్టు. నా మొండితనం వల్ల పిల్ల మొక్క చచ్చిందని అనిపించుకోను. డబ్బా మీద రాసిన పాళ్ళలో సగానికి తగ్గించి కలుపు. ఆకుల అడుగు కూడా తడవాలి. ఎండ తగిలే వేళ కొడితే ఇలాంటి ఆకులు మాడిపోతాయి, అందుకని పగలు కొట్టకు. సాయంత్రం చల్లబడ్డాక, వరండాలోకి తీసుకెళ్ళి కొట్టు. ముక్కుకి తువ్వాలు కట్టుకో. తరువాత చేతులు సబ్బుతో కడుక్కో.

వదిన సంతబొమ్మాళి నుంచి వచ్చిందా?

నీ చెల్లెలు,
సీతారత్నం


జలంత్రకోట,
22 జనవరి 2025

సీతారత్నానికి,

నీ జవాబు ఇంకా రాలేదు. ఈలోగా ఒక వింత జరిగింది, రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

మీ వదిన ఊరెళ్ళిన నాలుగు రోజులూ ఒక్క ఆకు పోలేదు. ఒక్కటంటే ఒక్కటి! పీడ విరగడైందనుకున్నాను. ఇరవయ్యో తారీఖు సాయంత్రం ఆవిడ వచ్చింది. ఇరవై ఒకటి పొద్దున ఒక ఆకు పోయింది. ఈ పొద్దున ఇంకొకటి. మొత్తం పదహారు. "నీ ఎనకాలే వచ్చినట్టుంది పురుగు" అని వేళాకోళం చేశాను. నవ్వలేదు. తల తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. అలసిపోయినట్టుంది.

ఈ మధ్య నాకన్నా ముందే లేస్తోంది. పళ్ళు తోముకుని, పరగడుపున ఆ కిటికీ దగ్గరే నిలబడి కళ్ళు మూసుకుంటుంది. సూర్యుడికి దణ్ణం పెట్టుకుంటోంది కాబోలు. ఈ భక్తి కొత్తగా వచ్చింది, మంచిదే.

ఆవిడ లేని నాలుగు రోజులూ ఇల్లు ఇల్లులా లేదు, రత్నం. అన్నం వండుకున్నాను, తినబుద్ధి కాలేదు. గోడలతో మాట్లాడాలంటే మాటలు రావు. ముప్ఫై నాలుగేళ్ళలో ఆవిడతో ఎంత మాట్లాడతానో నాకే తెలీదు. ఎవరికీ చెప్పకు.

గోపాలరావు


టెక్కలి,
2 ఫిబ్రవరి 2025

అన్నయ్యకి,

వారం రోజులుగా పొద్దునా సాయంత్రం ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం, మళ్ళీ ఉత్తరమెందుకంటావు. రెండు కారణాలు. ఒకటి, పలాసలో డాక్టరమ్మ చెప్పినవి కాగితం మీద ఉంటే నువ్వు మరిచిపోవు. రెండోది చివర రాస్తాను.

ముందు ఆ శనివారం సంగతి నా వైపు నుంచి విను. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాక నీ ఉత్తరం వచ్చింది. ఎడమ చేత్తో పట్టుకుని చదువుతున్నాను. ఆవిడ లేని నాలుగు రోజులూ ఆకు పోలేదన్న చోట ఏమీ తోచలేదు. "పరగడుపున కిటికీ దగ్గర" అన్న చోట చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. పరగడుపున రణపాల ఆకు నమిలితే కిడ్నీలు బాగుపడతాయని మన ఊళ్ళలో అనని ముసలమ్మ ఉందా? ఆ మొక్క రణపాలకి చుట్టమని రాసింది ఎవరు? నేను. మందు కొట్టమని రాసింది ఎవరు? నేనే. ఆ ఉత్తరం అప్పటికే మీ ఊరు చేరి ఉంటుంది.

నీకు ఫోన్ చేశాను. నా నంబరు చూసి కట్ చేశావు. మళ్ళీ చేశాను, మళ్ళీ కట్ చేశావు. వదినకి చేద్దామంటే మీ ఇంటికంతటికీ ఉన్నది ఒక్క ఫోను, అది నీ చొక్కా జేబులో. ఎంగిలి చేత్తోనే పక్కింటి బిందు దగ్గరికి పరిగెత్తి, ఆ పిల్ల ఫోను లాక్కున్నాను. కొత్త నంబరు కదా, "ఎవరూ?" అన్నావు. ఆ మాట లెక్కలోకి రాదు. నేనని తెలీక అన్నది.

"అన్నయ్యా, ఫోను పెట్టీకు! మందు కొట్టీసినావా?" అన్నాను. నువ్వు పలకలేదు. "కొట్టకు. ఆకులు తింటున్నది పురుగు కాదు, వదిన. కిడ్నీకి మందనుకుని తింటంది" అన్నాను. అప్పుడూ పలకలేదు. నీ ఊపిరి వినిపిస్తోంది. ఫోను పెట్టేస్తావేమోనని నాకు భయం వేసింది. ఏం అడగాలో తెలీక, "ఇప్పటికి ఎన్ని తిందో, ఏటో!" అన్నాను.

"పంతొమ్మిది" అన్నావు.

మూడేళ్ళ రెండు నెలల తరువాత నువ్వు నాతో అన్న మొదటి మాట అది. ఆ తరువాత నీ ఏడుపు విన్నాను. నాన్న పోయినప్పుడు కూడా నువ్వు అలా ఏడవలేదు.

పొద్దున్నే నా ఉత్తరం అందగానే మందు కలిపేసి వరండాలో పెట్టావని మేము వచ్చాక చూశాను. ఎండలో కొడితే ఆకు మాడుతుందని రాయబట్టి సాయంత్రం దాకా ఆగావు. ఆ ఒక్క వాక్యం రాయకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకోలేను.

ఇక డాక్టరమ్మ మాటలు. కేంపులోనే వదినకి క్రియాటినిన్ ఎక్కువ ఉందని చెప్పారు, ఆ కాగితం మనకి కనపడకుండా బియ్యం డ్రమ్ములో దాచింది. ఇప్పుడు కూడా కిడ్నీలు మందులకి లొంగే దశలోనే ఉన్నాయి, డయాలసిస్ దాకా రాలేదు. కానీ ఇది తేలిగ్గా తీసుకునేది కాదు. మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదు. ఉప్పు, ఎండుచేపలు, ఊరగాయలు వద్దు. ఒళ్ళు నొప్పులకి షాపులో అడిగి మాత్రలు వేసుకోకూడదు. నీళ్ళు డాక్టరమ్మ చెప్పినన్నే. నెలకోసారి రక్తపరీక్ష. ఎవరు చెప్పినా ఏ ఆకూ నోట్లో పెట్టకూడదు. కలంచో జాతి ఆకులు మేసి గొడ్లు గుండె ఆగి పడిపోతాయని మా లాబ్‌లో మేడం చెప్పేవారు. వదినకి ఈ మధ్య పట్టుకున్న గుండె అదురు కూడా అందుకే అయి ఉండవచ్చని డాక్టరమ్మ అన్నది నువ్వు విన్నావు. ఆకు మానేశాక అది తగ్గింది. దేవుడు చల్లగా చూశాడు.

రెండో కారణం. నాన్నకి కాళ్ళు ఉబ్బిన కొత్తలో, ఆసుపత్రికి వెళ్ళనని మొండికేసినప్పుడు, కాలేజీ తోటలోంచి రణపాల ఆకులు కోసి నెల రోజులు తెచ్చి ఇచ్చినదాన్ని నేనే. "మీ అన్నకి సెప్పకు, ఆసుపత్రికి ఈడ్చీగలడు" అన్నాడు నాన్న. చెప్పలేదు. ఆ నెల వృథా అయింది. పదిహేనేళ్ళుగా ఇది ఎవరికీ చెప్పలేదు. నోటితో చెప్పలేను, అందుకే రాశాను. నువ్వు మళ్ళీ మాట్లాడడం మానేసినా సరే, నీకు తెలియాలి.

సీతారత్నం


జలంత్రకోట,
10 మార్చి 2025

రత్నమ్మకి,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. ఫోన్లో రోజూ అన్నీ మాట్లాడుతున్నాను, ఆ ఒక్క సంగతి తప్ప. దాని గురించి నువ్వూ అడగలేదు. నా నోటికీ రాలేదు, అందుకే రాస్తున్నాను.

నువ్వు కాలేజీ నుంచి ఆకులు తెచ్చిన ఆ నెలలోనే నేను బారువ వెళ్ళి ఒక సాధువు దగ్గర అవే ఆకులు తెచ్చేవాణ్ణి. "నీ సెల్లికి సెప్పకు, సదువుకున్నది, తిడతాది" అన్నాడు నాన్న. నీకు చెప్పలేదు. ఆకుల కోసం మనిద్దరినీ వేరువేరుగా తిప్పించాడు, గడుసుపిండం! కాబట్టి ఆ తప్పు నీ ఒక్కదానిదే అనుకోకు. ఉంటే ఇద్దరిదీ. భయపడిన మనిషి ఏ ఆకు దొరికితే ఆ ఆకు పట్టుకుంటాడు, రత్నం. మీ వదిన చేసిందీ అదే.

నాతో ఎందుకు చెప్పలేదని ఆవిడని అడిగాను. "మీ నాన్న మంచం కాడ నువ్వు ఏటయిపోయినావో సూసినాను. మళ్ళీ సూడలేను" అంది. ఇంకో మాట కూడా అంది. "నానెప్పుడో పోతాను గదా. నాను పోతే, తిన్నావా అని నిన్ను అడిగే మనిషి ఉండొద్దేటి? అందుకే నీ సెల్లికి ఉత్తరం రాయమన్నాను. మొక్క సచ్చిపోతే నాకేటి, బతికితే నాకేటి?" అంది. ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని, డాక్టరమ్మ చెప్పినట్టు వాపు ఎంత ఉందో వేలితో నొక్కి చూశాను. నొక్కితే పడే గుంట చాలా తగ్గింది. మొన్నటి పరీక్షలో క్రియాటినిన్ అంకె కూడా కొంచెం దిగింది. ఎక్కువ కాదు, కొంచెం. ఆ కాగితం ఇప్పుడు గోడకి తగిలించాను, బియ్యంలోకి పోకుండా.

ఆవిడ నీళ్ళు నేనే కొలిచి సీసాలో పోస్తున్నాను. మొక్కకి కూడా. ఇద్దరూ నన్ను తిడుతున్నట్టే ఉంటుంది.

నువ్వు చెప్పినట్టు మొక్క తల కోసి, నీడలో నాలుగు రోజులు ఆరనిచ్చి ఇసుకమట్టిలో గుచ్చాను. వేరు పోసుకుంది. విశేషం అది కాదు. పారేద్దామనుకున్న బోడి కాడ ఉంది చూడు, మీ వదిన ఆకులు తుంచిన ప్రతి కణుపు దగ్గరా పిలక వచ్చింది. లెక్కపెట్టడం మానేశాను.

ఇక అసలు సంగతి. మా విజయ్ ఆ రోజుల్లోనే, "నాన్నా, ధరణి నాకు చెల్లెలి లాంటిది, నాకూ ఆ ఉద్దేశం లేదు" అని నాతో చెప్పాడు. పెళ్ళికి నెల ముందే చెప్పాడు. తెలిసీ గంప ఎత్తలేదు. నా మాట నెగ్గలేదన్న ఉక్రోషం తప్ప అందులో ఇంకేమీ లేదు. ఇది కూడా నోటితో చెప్పలేనిదే.

వచ్చే ఆదివారం నేనూ మీ వదినా శ్రీకాకుళం వస్తున్నాం, మీరూ అక్కడికి రండి. గృహప్రవేశం ఎలాగూ చూడలేదు, ఇల్లైనా చూస్తాను. కోసి నాటిన మొక్క ధరణికి తెస్తున్నాను. వెదురు గంప ఒకటి కొన్నాను, కుండీ అందులో పెట్టుకుని వస్తాను. బస్సు దిగాక ఆటో మాట్లాడకండి. ఇంటిదాకా నేనే మోస్తాను.

నీ అన్న,
గోపాలరావు

తా.క.: సిరా ఉంది. అప్పుడూ ఉంది.